అటవీశాస్త్రం చదవడానికి కళాశాలను ఎలా ఎంచుకున్నాం

జూనియర్ కళాశాలలో బైపీసీ విద్యార్థులకు చాలా ఏళ్లుగా వృక్షశాస్త్రం బోధిస్తున్నాను. నీట్‌లో సీటు రాకపోతే ఏం చేయాలని అడిగిన పిల్లలు ఈ కాలంలో లెక్కకు మించి ఉన్నారు కాని, అడవుల గురించి చదవాలంటే ఎక్కడ చేరాలని అడిగినవారు చాలా కొద్దిమంది. ఆ కొద్దిమందిలో మా అక్క కూతురు ఒకతె. శేషాచలం కొండల అంచున, రైల్వే కోడూరు వైపు పెరిగిన పిల్ల కాబట్టి ఎర్రచందనం గురించి వార్తాపత్రికల్లో వచ్చే స్మగ్లింగ్ కథనాల కంటే ఎక్కువే ఆమెకు తెలుసు. ఆ చెట్టు ప్రపంచంలో మరెక్కడా సహజంగా పెరగకుండా మన తూర్పు కనుమల దక్షిణ భాగంలోని ఈ కొద్దిపాటి కొండల్లోనే ఎందుకు పెరుగుతుందో తెలుసుకోవాలన్నది ఆమె కోరిక. దానికి తగిన డిగ్రీ ఏది, ఆ డిగ్రీకి తగిన కళాశాల ఏది అన్న విషయాన్ని మేమిద్దరం కూర్చుని ఆలోచించిన తీరును ఇక్కడ వివరంగా రాస్తున్నాను. సహజ వనరుల సంరక్షణను చదువుగా ఎంచుకోవాలనుకునే తెలుగు విద్యార్థులకు సమాచారం దొరకడం ఇప్పటికీ కష్టంగానే ఉంది.

మొదట తేల్చుకోవలసింది కళాశాల కాదు, చదువు. "అడవుల చదువు" అని మనం ఒకే మాటగా అనేదానిలో నిజానికి మూడు వేర్వేరు దారులున్నాయి. ఒకటి అటవీశాస్త్రం, అంటే బీఎస్సీ ఆనర్స్ ఫారెస్ట్రీ. ఇది నాలుగేళ్ల వృత్తివిద్య. అడవిని పెంచడం, కొలవడం, కాపాడడం, అందులోని కలపను, ఇతర ఉత్పత్తులను వినియోగించడం, రైతుల పొలాల్లో చెట్లను పెంచే వ్యవసాయ అటవీ పద్ధతులు, నేల-నీటి సంరక్షణ, వన్యప్రాణి నిర్వహణ, అటవీ చట్టాలు, సర్వే, ఉపగ్రహ చిత్రాల విశ్లేషణ, ఇవన్నీ ఇందులో వస్తాయి. రెండవది పర్యావరణ శాస్త్రం. ఇది ఎక్కువగా గాలి, నీరు, వ్యర్థాలు, పరిశ్రమల ప్రభావ మదింపు వైపు నడిచే చదువు. పరిశ్రమలకు పర్యావరణ అనుమతుల నివేదికలు తయారుచేసే సంస్థల్లోను, కాలుష్య నియంత్రణ రంగంలోను పనికివస్తుంది. మూడవది వన్యప్రాణి జీవశాస్త్రం. మన దేశంలో దీన్ని నాణ్యంగా నేర్పే చోట్లు ఎక్కువగా పీజీ స్థాయిలోనే ఉన్నాయి. దెహ్రాదూన్‌లోని భారత వన్యప్రాణి సంస్థ, బెంగళూరులోని జాతీయ జీవశాస్త్ర కేంద్రం ఎన్‌సీబీఎస్ అందులో ముఖ్యమైనవి. పులుల మీదో, పక్షుల మీదో పరిశోధన చేయాలన్న ఉద్దేశం ఉన్నవారు డిగ్రీలో జంతుశాస్త్రం, వృక్షశాస్త్రం గట్టిగా చదివి పీజీకి అక్కడికి వెళ్లవచ్చు. అటవీశాస్త్రమే చదవాలన్న నియమం లేదు.

మా అమ్మాయికి చెట్టు మీద ఉన్న ఆసక్తిని బట్టి మొదటి దారి సరిపోతుందని అనుకున్నాం. మా బావగారికి మాత్రం ఇది నచ్చలేదు. ఇంటికి దగ్గరలోనే అనంతరాజుపేటలో ఉద్యాన కళాశాల ఉన్నప్పుడు, మామిడి తోట సొంతంగా ఉన్నప్పుడు, ఎక్కడికో వెళ్లి అడవులు చదవడం ఎందుకన్నది ఆయన ప్రశ్న. ఆ ప్రశ్న అన్యాయమైనదేమీ కాదు. ఉద్యానశాస్త్రానికి, వ్యవసాయ బీఎస్సీకి ఉన్నన్ని ఉద్యోగాలు అటవీశాస్త్రానికి లేవన్న మాట నిజం. ఆ నిజాన్ని దాచిపెట్టి పిల్లలను ప్రోత్సహించడం తప్పని నేను నమ్ముతాను కాబట్టి, ఉద్యోగాల సంగతి ముందుగానే ఇంట్లో అందరి ఎదుటా మాట్లాడుకున్నాం.

చాలామంది తల్లిదండ్రులకు అటవీశాస్త్రం అనగానే గుర్తుకు వచ్చేది ఇండియన్ ఫారెస్ట్ సర్వీస్. యూపీఎస్సీ నిర్వహించే ఆ పరీక్ష రాయడానికి ఫారెస్ట్రీ డిగ్రీయే ఉండనక్కర లేదు. వృక్షశాస్త్రం, జంతుశాస్త్రం, రసాయన, భౌతిక, గణిత, భూగర్భ, గణాంక శాస్త్రాలు, పశుసంవర్ధన-పశువైద్యం వీటిలో కనీసం ఒకటి డిగ్రీలో చదివినవారు గాని, వ్యవసాయం, ఫారెస్ట్రీ, ఇంజనీరింగ్ పట్టభద్రులు గాని అర్హులే. అంటే ఇంజనీరింగ్ చదివినవారితోనూ పోటీ పడవలసి ఉంటుంది. 2013 నుంచి దీని ప్రిలిమ్స్ సివిల్స్‌తో ఉమ్మడిగా జరుగుతోంది కాబట్టి పోటీ మరింత పెరిగింది. మెయిన్స్‌లో రెండు ఐచ్ఛికాంశాలు రాయాలి. ఫారెస్ట్రీ చదివినవారికి అందులో ఒకటి ముందే సిద్ధంగా ఉండడం మాత్రం నిజమైన లాభం. కళాశాలలో చేరేముందే తెలుసుకోవలసిన మరొక సంగతి శారీరక ప్రమాణాలు. సాధారణంగా పురుషులకు 163 సెంటీమీటర్లు, మహిళలకు 150 సెంటీమీటర్ల ఎత్తు ఉండాలి, కొన్ని వర్గాలకు సడలింపులున్నాయి. నాలుగు గంటల్లో పురుషులు 25 కిలోమీటర్లు, మహిళలు 14 కిలోమీటర్లు నడవగలగాలి. ఈ సర్వీసు కోసమే చదువుతున్నామనుకునే కుటుంబాలు నాలుగేళ్లు గడిచాక వీటిని చదివి కంగారు పడడం కంటే ముందే చూసుకోవడం మేలు.

రాష్ట్ర స్థాయిలో రేంజ్ ఆఫీసర్, సెక్షన్ ఆఫీసర్ వంటి ఉద్యోగాలు పబ్లిక్ సర్వీస్ కమిషన్ ద్వారా వస్తాయి. ఇవి ఏటా వచ్చే నోటిఫికేషన్లు కావు. ప్రభుత్వేతర రంగంలో అవకాశాలు మనవాళ్లు అనుకునే దానికంటే ఎక్కువే ఉన్నాయి. భద్రాచలం దగ్గర సారపాకలోని కాగితపు మిల్లు చుట్టుపక్కల జిల్లాల్లో రైతుల చేత యూకలిప్టస్ క్లోన్లను, సుబాబుల్‌ను పెంచిస్తుంది. ఇటువంటి పరిశ్రమలకు నర్సరీ నడపగలవారు, రైతుతో మాట్లాడగలవారు, చెట్టును చూసి దిగుబడిని అంచనా వేయగలవారు కావాలి. రెండు రాష్ట్రాల అటవీ అభివృద్ధి సంస్థలు వేల ఎకరాల్లో తోటలు పెంచుతున్నాయి. మదనపల్లె ప్రాంతంలో ఉమ్మడి భూముల పునరుద్ధరణ మీద ఫౌండేషన్ ఫర్ ఎకలాజికల్ సెక్యూరిటీ వంటి స్వచ్ఛంద సంస్థలు పనిచేస్తున్నాయి. హైదరాబాద్ బాలానగర్‌లోని జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రంలో అడవుల ఉపగ్రహ అధ్యయనాలు జరుగుతాయి. దూలపల్లిలో అటవీ జీవవైవిధ్య సంస్థ ఉంది. అత్తాపూర్‌లోని లాకోన్స్‌లో అంతరించిపోతున్న జంతుజాతుల మీద జన్యుపరమైన పరిశోధన సాగుతోంది. ఈ జాబితా విన్నాక మా బావగారు పూర్తిగా ఒప్పుకోలేదు గాని, "అయితే చేరే కాలేజీని మాత్రం బాగా చూసి చేర్చమ్మా" అన్నారు. నాకు ఆ మాత్రం చాలు.

కళాశాల విషయానికి వస్తే, నా అభిప్రాయం ఒకటే, దానిని సూటిగా చెబుతాను: కళాశాల పేరు కంటే, ర్యాంకు కంటే, దాని చుట్టూ ఉన్న నేల ముఖ్యం. వైద్యం చదివేవారికి ఆస్పత్రి ఎలాంటిదో అటవీశాస్త్రం చదివేవారికి కళాశాల పక్కనున్న అడవి అలాంటిది. రోగులు లేని వైద్య కళాశాలలో ఎవరూ పిల్లలను చేర్చరు కదా. నాలుగేళ్లపాటు ప్రాక్టికల్స్‌కు వెళ్లే అడవి ఏ రకానిది, అది ఎంత దూరంలో ఉంది, అక్కడికి విద్యార్థులు సెమిస్టరుకు ఎన్నిసార్లు వెళతారు, అక్కడ వారికి కొలిచి, నాటి, గమనించి, మళ్లీ మరుసటి ఏడు వచ్చి చూసుకునే శాశ్వత ప్లాట్లు ఉన్నాయా, ఈ ప్రశ్నలకు వచ్చే సమాధానాలే ఒక కళాశాలను మరొక కళాశాల నుంచి వేరు చేస్తాయి.

ఆ దృష్టితో చూస్తే దక్షిణాదిలోని కళాశాలలు ఒక్కొక్కటీ ఒక్కొక్క అడవికి వాకిలిగా కనిపిస్తాయి. తెలంగాణలోని ఫారెస్ట్ కాలేజీ అండ్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్ సిద్దిపేట జిల్లా ములుగులో ఉంది. ఏటూరునాగారం అడవులున్న ములుగు జిల్లా వేరు, ఈ ములుగు వేరు, ఈ పొరపాటు చాలామంది చేస్తుంటారు. 2016లో ప్రారంభమైన ఈ కళాశాలకు తమిళనాడులోని మెట్టుపాళయం కళాశాల నమూనా. ఇక్కడ బీఎస్సీతో పాటు ఎంఎస్సీ, పీహెచ్‌డీ కూడా ఉన్నాయి. డిగ్రీ ప్రవేశాలు ఈఏపీసెట్ బైపీసీ ర్యాంకు ఆధారంగా జరుగుతాయి. దక్కన్ పీఠభూమిలోని పొడి ఆకురాల్చు అడవులు, టేకు, నల్లమద్ది, తునికి, ఇప్ప, ఇవి నేర్చుకోవడానికి ఇంతకంటే దగ్గరి చోటు మనకు లేదు. హరితహారం కాలంలో రాష్ట్రమంతటా పెరిగిన నర్సరీలు, తోటల వల్ల నాటిన మొక్కలో ఎన్ని బతుకుతాయన్న ప్రశ్నను విద్యార్థులు కళ్లారా పరీక్షించుకునే అవకాశం కూడా ఇక్కడివారికి ఉంది.

మెట్టుపాళయం నీలగిరుల పాదాల దగ్గర ఉంది. తమిళనాడు వ్యవసాయ విశ్వవిద్యాలయానికి చెందిన ఆ కళాశాల పరిశ్రమలకు కలప అందించే వ్యవసాయ అటవీ విధానాల్లో పేరు పొందింది. చెట్ల పెంపకాన్ని వ్యాపారంగా కూడా నేర్చుకోవాలనుకునేవారికి అది చాలా మంచి చోటు. దగ్గరలోని కోయంబత్తూరులో అటవీ జన్యుశాస్త్రం, చెట్ల ప్రజననం మీద పనిచేసే కేంద్ర సంస్థ ఉంది. కేరళ వ్యవసాయ విశ్వవిద్యాలయపు కళాశాల త్రిశూర్ దగ్గర వెల్లనిక్కరలో ఉంది. పక్కనే పీచి-వళని అభయారణ్యం, పీచిలో కేరళ అటవీ పరిశోధన సంస్థ ఉన్నాయి. 1840లలో బ్రిటిషువారు టేకు తోటను మొదటిసారిగా పద్ధతి ప్రకారం నాటిన నిలంబూరు కూడా ఆ ప్రాంతానికి మరీ దూరం కాదు. కర్ణాటకలో సిర్సి, పొన్నంపేట అని రెండు పాత కళాశాలలున్నాయి. పొన్నంపేట కొడగులో, కాఫీ తోటల నడుమ ఉంది. సిర్సి ఉత్తర కన్నడ జిల్లాలో, పడమటి కనుమల నడుమ, ధార్వాడ వ్యవసాయ విశ్వవిద్యాలయం కింద ఉంది. ఇక హిమాలయ వృక్షాలు, దేవదారు, పైన్ అడవులు చూడాలనుకునేవారికి హిమాచల్‌లో సోలన్ దగ్గరి నౌణీ విశ్వవిద్యాలయం ఉంది. ఒడిశా సరిహద్దు జిల్లాల పిల్లలు భువనేశ్వర్ వ్యవసాయ విశ్వవిద్యాలయపు అటవీ కళాశాలను కూడా గుర్తుంచుకోవాలి.

దెహ్రాదూన్‌లోని అటవీ పరిశోధన సంస్థ పేరు వినగానే చాలామంది అక్కడే డిగ్రీ చేయాలనుకుంటారు. 1906లో మొదలైన ఆ సంస్థకు 1991లో డీమ్డ్ విశ్వవిద్యాలయ హోదా వచ్చింది. అక్కడ ఉన్నవి ఎంఎస్సీ, పీహెచ్‌డీ కోర్సులు. కాబట్టి ఇంటర్ తరువాత కాదు, డిగ్రీ తరువాత దాని గురించి ఆలోచించాలి. భోపాల్‌లోని అటవీ నిర్వహణ సంస్థ కూడా అంతే, డిగ్రీ పూర్తయినవారికి నిర్వహణ విద్యను నేర్పుతుంది.

వేసవి సెలవుల్లో అమ్మాయిని వెంటబెట్టుకుని కొన్ని కళాశాలలు స్వయంగా చూశాను. ఒక ప్రైవేటు సంస్థలో ప్రయోగశాల భవనం చాలా బాగుంది, నేల మీద టైల్స్ మెరుస్తున్నాయి. ఎండబెట్టిన మొక్కల నమూనాలుండే హెర్బేరియం చూపించమని అడిగితే బీరువా తాళం దొరకలేదన్నారు. తరువాత ఒక విద్యార్థి రికార్డు పుస్తకం చూస్తే, చెట్ల కొలతల ప్రాక్టికల్‌లో రాసిన అంకెలు పక్క విద్యార్థి పుస్తకంలోని అంకెలతో చివరి దశాంశం వరకు సరిపోయాయి. ఆ పిల్లలను తప్పు పట్టలేను. వారిని ఎవరూ చెట్టు దగ్గరకు తీసుకువెళ్లలేదు.

మరొక చోట, ప్రభుత్వ విశ్వవిద్యాలయపు కళాశాలలో, భవనం పాతది, రంగు వెలిసింది. మేము వెళ్లేసరికి నర్సరీలో మూడో ఏడాది అమ్మాయిలు పాలిథిన్ సంచుల వరసల మధ్య కూర్చుని మొలకలు లెక్కపెడుతున్నారు. ప్రతి వరస చివర ఒక రేకు ముక్క మీద విత్తనం ఎక్కడిది, ఏ రోజు నాటారు, ముందుగా దానికి ఏ శుద్ధి చేశారు అన్న వివరాలు పెయింటుతో రాసి ఉన్నాయి. వాళ్లలో ఒకమ్మాయి మా అమ్మాయి చేతికి టేపు ఇచ్చి వాలు మీద ఉన్న ఒక టేకు చెట్టు చుట్టుకొలత తీయమంది. మా అమ్మాయి కింది వైపు నిలబడి టేపు చుట్టబోయింది. ఆ విద్యార్థిని ఆపి, వాలు మీద ఎప్పుడూ పై వైపు నిలబడి, అక్కడి నేల నుంచి 1.37 మీటర్ల ఎత్తున కొలవాలని, ఆ ఎత్తులో బుడిపె ఉంటే దాన్ని తప్పించి కొలవాలని, ఆ ఎత్తుకు కిందనే చెట్టు రెండుగా చీలి ఉంటే రెండు చెట్లుగా రాసుకోవాలని చెప్పింది. పుస్తకం చూడకుండా, తడుముకోకుండా చెప్పింది. ఏ కళాశాల బ్రోచర్‌లోనూ నాకు ఇంత స్పష్టమైన సమాచారం దొరకలేదు. అప్పటి నుంచి ఏ కళాశాలకు వెళ్లినా ముందు ప్రిన్సిపాల్ గదికి కాకుండా నర్సరీకి వెళ్లి, అక్కడ పనిచేస్తున్న విద్యార్థులతో మాట్లాడడం అలవాటు చేసుకున్నాం.

అడగవలసిన ప్రశ్నలు ఇంకా కొన్ని ఉన్నాయి. సిల్వికల్చర్ (అడవిని పెంచే శాస్త్రం), అటవీ ఉత్పత్తులు, చెట్ల జన్యు అభివృద్ధి, సహజ వనరుల నిర్వహణ, వన్యప్రాణి విభాగాలకు వేర్వేరుగా శాశ్వత అధ్యాపకులు ఉన్నారా, లేక ఒకరిద్దరు అతిథి అధ్యాపకులతో అన్నీ నెట్టుకొస్తున్నారా అన్నది తప్పక తెలుసుకోవాలి. నాలుగో ఏడాదిలో ఫారెస్ట్రీ వర్క్ ఎక్స్‌పీరియన్స్ అనే కార్యక్రమం ఉంటుంది, దానిలో విద్యార్థులు అటవీ శాఖ డివిజన్లలో, గ్రామాల్లో, పరిశ్రమల్లో ఉండి పనిచేయాలి. ఆ కార్యక్రమానికి గత ఏడాది విద్యార్థులను ఎక్కడికి పంపారు, అక్కడ వారు ఏం చేశారు, ఎవరు పర్యవేక్షించారు అని సీనియర్లను అడిగితే కళాశాల నిజస్వరూపం ఒక్క గంటలో అర్థమవుతుంది. వనసంరక్షణ సమితి సమావేశంలో కూర్చున్నారా, తునికాకు కల్లంలో లెక్కలు చూశారా, పోడు భూముల సర్వేలో గ్రామస్థుల మాట విన్నారా అని అడిగి చూడండి. 2006 అటవీ హక్కుల చట్టం వచ్చిన తరువాత అడవిని చెట్ల లెక్కగా మాత్రమే చూసే చదువుకు కాలం చెల్లింది. చెంచులు, కోయలు, కొండరెడ్లు, యానాదులు ఆ అడవిలో ఉంటున్నవారని, అక్కడ వారికి హక్కులు ఉన్నాయని తెలియని పట్టభద్రుడు రేంజ్ ఆఫీసరైతే అతనికీ, అక్కడి ప్రజలకూ కష్టమే.

ఉపగ్రహ చిత్రాల విశ్లేషణ నేర్పుతారా అన్నది కూడా ముఖ్యమే గాని, అది నేలతో ముడిపడి ఉండాలి. భారత అటవీ సర్వేక్షణ సంస్థ 2023 నివేదిక ప్రకారం దేశ భూభాగంలో 25.17 శాతం అడవులు, చెట్లు ఆవరించి ఉన్నాయి. ఆ అంకెలో అటవీ విస్తీర్ణం 21.76 శాతం. ఒక హెక్టారుకు మించిన ఏ భూమిలోనైనా పది శాతానికి మించి చెట్ల నీడ ఉంటే, అది ఎవరి సొంతమైనా, ఏ జాతి చెట్లైనా, ఆ లెక్కలో అడవిగా చేరుతుంది. అంటే మా బావగారి మామిడి తోట కూడా ఆకాశం నుంచి చూస్తే అడవే కావచ్చు. నివేదికలోని అంకెకు, కాలినడకన కనిపించే అడవికి మధ్య ఉన్న ఈ తేడాను పట్టుకోగలగడం ఈ చదువులో నేర్వవలసిన అసలు విద్య అని నేను భావిస్తాను. కంప్యూటర్ ల్యాబ్ ఒక్కటే ఉన్న కళాశాల దాన్ని నేర్పలేదు. అడవి ఒక్కటే ఉన్న కళాశాలా నేర్పలేదు.

ప్రైవేటు సంస్థల విషయంలో మొదట చూడవలసిన కాగితం భారత వ్యవసాయ పరిశోధన మండలి, అంటే ఐసీఏఆర్, ఇచ్చే అక్రెడిటేషన్. అది లేని చోట చదివితే తరువాత వ్యవసాయ విశ్వవిద్యాలయాల్లో పీజీ సీటుకు, ఫెలోషిప్‌కు ఇబ్బంది ఎదురవుతుంది. గోడ మీద వేలాడదీసిన ధ్రువపత్రం చాలదు, దాని గడువు ఎప్పటి వరకు ఉందో, అది విశ్వవిద్యాలయానికి వచ్చిందా, ఈ కోర్సుకు, ఈ కళాశాలకు కూడా వచ్చిందా అన్నది ఐసీఏఆర్ వెబ్‌సైట్‌లో సరిచూసుకోవాలి.

స్థానికత సంగతి ఆంధ్రప్రదేశ్ విద్యార్థులు జాగ్రత్తగా చూసుకోవాలి. విభజన చట్టం ప్రకారం రెండు రాష్ట్రాలకు ఉన్న పదేళ్ల ఉమ్మడి ప్రవేశాల గడువు 2024 జూన్ 2తో ముగిసింది. ఆ తరువాత నిబంధనలు మారాయి కాబట్టి, పాత సంవత్సరాల కటాఫ్ ర్యాంకులు చూసుకుని ములుగులో సీటు వస్తుందని ధీమాగా ఉండడం మంచిది కాదు. కాబట్టి మా అమ్మాయికి ఐసీఏఆర్ దారే ప్రధానమైంది. దేశంలోని వ్యవసాయ విశ్వవిద్యాలయాలు తమ సీట్లలో కొంత భాగాన్ని ఐసీఏఆర్ అఖిల భారత కోటాకు ఇస్తాయి. ఆ కోటా కింద సొంత రాష్ట్రం వదిలి వేరే రాష్ట్రంలో చేరినవారికి నేషనల్ టాలెంట్ స్కాలర్‌షిప్ కూడా ఉంది. మధ్యతరగతి కుటుంబానికి అది చిన్న విషయం కాదు.

ఆడపిల్లను అడవికి పంపడమా అన్న ప్రశ్న మా అక్క అడిగింది. దాన్ని కొట్టిపారేయకుండా కళాశాలల్లోనే అడిగాం. క్షేత్ర పర్యటనలకు మహిళా అధ్యాపకులు వెంట వస్తారా, అటవీ విశ్రాంతి గృహాల్లో బస ఎలా ఏర్పాటు చేస్తారు, పాముకాటుకు దగ్గరలోని ఆస్పత్రి ఏది, వాహనం రోజంతా అక్కడే ఉంటుందా అని అడిగాం. బాధ్యత ఉన్న కళాశాలలు వీటికి వెంటనే, వివరంగా సమాధానం చెప్పాయి. "ఏం పరవాలేదండీ, ఇప్పటి వరకు ఏమీ జరగలేదు" అన్న సమాధానం వచ్చిన చోటును మేము జాబితా నుంచి తీసేశాం. ఇప్పుడు ఫారెస్ట్ బీట్ ఆఫీసర్లుగా పనిచేస్తున్న మహిళలు రెండు రాష్ట్రాల్లోనూ చాలామంది ఉన్నారు. నా పూర్వ విద్యార్థిని ఒకరు మా అక్కతో ఫోనులో మాట్లాడి తన రోజువారీ పని ఎలా ఉంటుందో చెప్పింది. నేను చెప్పిన మాటలన్నిటి కంటే అదే ఎక్కువ పనిచేసింది.

చివరికి మా జాబితాలో వెల్లనిక్కర, సిర్సి మిగిలాయి. రెండూ మంచివే. ఎర్రచందనం మీద మనసున్న అమ్మాయి ఎప్పుడూ వాన కురిసే పడమటి కనుమలకు వెళ్లి ఏం నేర్చుకుంటుందని నాకే ఒక సందేహం ఉండేది. దానికి సమాధానం ఆమే చెప్పింది: "పిన్నీ, మన కొండల్లో ఏం లేదో తెలియాలంటే అన్నీ ఉన్న అడవిని ఒకసారి చూడాలి కదా. చెట్టు ఎక్కడ పెరగదో తెలిస్తేనే ఎక్కడ పెరుగుతుందో అర్థమవుతుంది." మాట చిన్నదే అయినా అందులో శాస్త్రం ఉంది. ఎర్రచందనం వానలు తక్కువగా ఉండి, రాతి నేల ఉన్న పొడి కొండల్లో పెరుగుతుంది. ఆ కరువు నేలలోనే నెమ్మదిగా ఎదిగి లోపలి చేవకు ఆ ఎరుపు తెచ్చుకుంటుంది. దాని గుండ్రటి రెక్కకాయల్లో మొలకెత్తేవి తక్కువ. ఇటువంటి చెట్టు ప్రత్యేకత తెలియాలంటే పోలిక కావాలి.

సిర్సి వైపు ఆమె మొగ్గడానికి మరొక కారణం సొప్పిన బెట్ట అని అక్కడివారు పిలిచే భూములు. వక్క తోటలున్న రైతులకు తోటకు ఎరువుగా ఆకు, రొట్ట తెచ్చుకోవడానికి పక్కనున్న అటవీ భూమి మీద పాతకాలం నుంచి ప్రత్యేక హక్కులున్నాయి. కొన్నిచోట్ల ఆ బెట్టలు పచ్చగా నిలిచాయి, కొన్నిచోట్ల కొమ్మలు నరికి నరికి మోడువారాయి. రైతు హక్కు, అడవి బాగు ఒకే నేల మీద ఎలా కలిసి ఉండగలవో, ఎక్కడ తప్పుతాయో కళ్ల ముందు కనిపించే పాఠం అది. అదే జిల్లాలోని సిద్ధాపుర పరిసరాల్లో నీటిలో వేళ్లూనుకుని నిలిచే అడవి జాజి చెట్ల చిత్తడి అడవులున్నాయి. అఘనాశిని లోయలో సింహపు తోక కోతులున్నాయి. అదే జిల్లా దాండేలి వైపు కాళి పులుల అభయారణ్యం ఉంది. కన్నడ లిపి మన లిపికి దగ్గర కావడం వల్ల ఊళ్లో బోర్డులు చదువుకుంటూ త్వరగా అలవాటు పడవచ్చన్నది మా అక్కకు ఊరట కలిగించిన సంగతి. కౌన్సెలింగ్‌లో సిర్సిని మొదటి ప్రాధాన్యంగా పెట్టాం, సీటు అక్కడే వచ్చింది.

ఈ కొండల గురించి చదివినవారు ఈ కొండలకు తిరిగి రావలసిన అవసరం ఎంత ఉందో ఒక ఉదాహరణ చెప్పాలి. కడప ప్రాంతపు ముళ్లపొదల్లో ఉండే కలివికోడి అనే పక్షి 1900 తరువాత ఎవరికీ కనబడక అంతరించిందనుకున్నారు. 1986లో రెడ్డిపల్లె దగ్గర అది మళ్లీ కనిపించింది. స్థానికులు దాన్ని గుర్తుపట్టగలగడం వల్లనే, వారి మాటను వినగల పరిశోధకులు రావడం వల్లనే అది సాధ్యమైంది. దానికోసం శ్రీలంకమల్లేశ్వర అభయారణ్యం ఏర్పడింది. ఇప్పటికీ ఆ పక్షి గురించి తెలియనిదే ఎక్కువ. ములుగు జిల్లా తాడ్వాయి అడవుల్లో 2024 ఆగస్టు 31న వీచిన పెనుగాలికి వేలాది చెట్లు ఒకేసారి కూలినప్పుడు, అలా ఎందుకు జరిగిందో చెప్పగలవారి కోసం అందరూ వెతికారు. కొల్లేరు, పులికాట్, కోరింగ మడ అడవులు, నల్లమల, ప్రతి చోటా స్థానిక భాష తెలిసిన, నేల మీద కొలవడం వచ్చిన మనుషుల కొరత ఉంది.

కాలక్రమం గురించి ఒక హెచ్చరిక. 2023 నుంచి ఐసీఏఆర్ డిగ్రీ ప్రవేశాలు విశ్వవిద్యాలయాల ఉమ్మడి ప్రవేశ పరీక్ష అయిన సీయూఈటీ ద్వారా జరుగుతున్నాయి. మన పిల్లలు నీట్, ఈఏపీసెట్ ధ్యాసలో ఉండి, వాటి ఫలితాలు వచ్చాక గాని ఇతర దారుల గురించి ఆలోచించరు, అప్పటికి సీయూఈటీ దరఖాస్తు గడువు ముగిసి నెలలు గడిచి ఉంటాయి. ఇంటర్ రెండో ఏడాది పబ్లిక్ పరీక్షలకు ముందే దరఖాస్తు చేయాలి. దరఖాస్తులో భౌతిక, రసాయన, జీవశాస్త్రాలను సరిగ్గా ఎంచుకోవాలి, ఒక్క సబ్జెక్టు తప్పిపోయినా ఆ ఏడాది కౌన్సెలింగ్‌లో ఫారెస్ట్రీ కోర్సు తెరుచుకోకపోవచ్చు. పరీక్షను తెలుగులోనూ రాయవచ్చు. ఫలితాల తరువాత ఐసీఏఆర్ కౌన్సెలింగ్‌కు మళ్లీ విడిగా నమోదు చేసుకోవాలి. సీయూఈటీ రాసినంత మాత్రాన పేరు తనంతట తాను అక్కడికి చేరదు. కుల, ఆదాయ ధ్రువపత్రాలు కేంద్ర ప్రభుత్వ నమూనాలో కావాలి, మీసేవలోనో సచివాలయంలోనో తీసుకున్న రాష్ట్ర నమూనా పత్రం ఓబీసీ, ఈడబ్ల్యూఎస్ విద్యార్థులకు అక్కడ చెల్లదు. తహసీల్దారు కార్యాలయంలో ఆ పత్రం చేతికి రావడానికి పట్టే సమయాన్ని లెక్కలోకి తీసుకుని సంక్రాంతి సెలవుల్లోనే దరఖాస్తు పెట్టించండి.